కువైట్‌కు ఏ నెలలో రావాలి?

కువైట్ ఎండ ఎంతటిదో తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2016 జులై 21న వాయవ్య ఎడారిలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియా ఖండంలో అదే అత్యధికమని ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది.

కడప, రాజంపేట, కోనసీమల నుంచి వచ్చేవారు ఎక్కువగా లెక్క తప్పేది నెలల దగ్గరే. ఊళ్లో రోహిణి కార్తె ఎండలు ముగిసి మృగశిర చినుకులు పడితే గండం గడిచినట్టే. కువైట్‌లో అసలు ఎండలు అప్పుడే మొదలవుతాయి. జులై, ఆగస్టుల్లో ముదురుతాయి. రెండుచోట్లా కారణం ఒకటే కావడం విశేషం. వేసవిలో పాకిస్థాన్, వాయవ్య భారతం మీద ఏర్పడే అల్పపీడనం తెలుగునేలకు నైరుతి మేఘాలను రప్పిస్తుంది. ఆ అల్పపీడనమే ఇరాక్ మీదుగా పొడిగాలిని కువైట్‌కు లాగుతుంది. షమాల్ అనే ఈ గాలి జూన్, జులైల్లో రోజుల తరబడి దుమ్ము రేపుతుంది.

మిద్దెమీది ట్యాంకు నీళ్లు సలసల కాగినట్టుంటాయి. అందుకే చాలా ఇళ్లలో వేసవిలో గీజర్ ఆపేసి, అందులో చల్లారిన నీళ్లతో స్నానం చేస్తారు. ఆగస్టులో ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి తిరిగితే ఉక్కపోత. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్లజోడు మసకబారుతుంది. సెప్టెంబరు మొదట్లో తెల్లవారుజామున దక్షిణాన సుహైల్ నక్షత్రం కనబడితే ఎండ తగ్గుముఖం పడుతుందని అరబ్బుల లెక్క. మన అగస్త్య నక్షత్రం అదే.

ఏడాది మొత్తానికి సుమారు 110 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా నవంబరు, ఏప్రిల్ మధ్యనే. కొద్దిపాటి వానే అయినా తేలిగ్గా తీసుకోకూడదు: 2018 నవంబరులో రోడ్లు మునిగి, విమానాల రాకపోకలు ఆగిపోయాయి. జనవరి రాత్రుల్లో ఎడారి చలి సున్నా దాకా దిగుతుంది. స్వెటర్ లేకుండా డిసెంబరులో దిగడం తెలివితక్కువ పని.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషేధం. సెప్టెంబరులోనూ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఆ గడువు చాలదు. వీలున్నవారు నవంబరు మధ్య నుంచి మార్చి మధ్యలోపు రావడం మేలు. వేసవిలోనే రాక తప్పని కూలీలకు, ఒళ్లు ఎండకు అలవాటుపడేదాకా ఒకటి రెండు వారాలు యజమానులు తేలికపాటి పనే చెప్పాలి.