గీత దాటి వచ్చిన కాపరి

స్ట్రైకర్ పది అవకాశాలు పోగొట్టినా పదకొండోది గోల్ చేస్తే చాలు, మొనగాడంటారు. గోల్‌కీపర్ పది బంతులు ఆపి ఒకటి వదిలితే ఆ ఒక్కటే గుర్తుంటుంది. సోవియట్ గోల్‌కీపర్ లెవ్ యాషిన్‌కు ఇది 1962 ప్రపంచకప్‌లో అనుభవమైంది. చిలీలోని అరికాలో సోవియట్ జట్టు 4-1 ఆధిక్యంలో ఉండగా కొలంబియా పుంజుకుని 4-4తో సమం చేసింది. అందులో ఒక గోల్, మార్కోస్ కోల్ కొట్టిన కార్నర్ కిక్ నేరుగా వలలో పడటం వల్ల వచ్చింది. క్వార్టర్ ఫైనల్లో చిలీ చేతిలో ఓడి ఇంటిదారి పట్టేసరికి, నెపమంతా 32 ఏళ్ల యాషిన్ మీద పడింది. ఇక అతని పని అయిపోయిందన్నారు.

నిజానికి గోల్‌కీపింగ్‌కు కొత్త దారి చూపినవాడు అతను. 1929లో మాస్కోలో పుట్టి, యుద్ధకాలంలో బాల్యం వీడకముందే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. డైనమో మాస్కో క్లబ్‌లో చేరాక, అప్పటికే పేరు మోసిన గోల్‌కీపర్ అలెక్సీ ఖోమిచ్ వెనక ఏళ్లపాటు తన వంతు కోసం కాచుకున్నాడు. ఆ నిరీక్షణలో ఐస్ హాకీలోనూ గోల్ కాశాడు.

ఆ రోజుల్లో చాలామంది కీపర్లు గోల్ గీత వదిలేవారు కాదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 11 మీటర్లు దాటడానికి పట్టేది సుమారు 0.4 సెకన్లు. గీత మీద నిలబడి అంత జాగా కాయడం కష్టం. అందుకే యాషిన్ ముందుకు వచ్చేవాడు. దీపానికి దగ్గరగా అరచెయ్యి పెడితే నీడ గోడంతా పరుచుకుంటుంది. కీపర్ బంతికి దగ్గరైనకొద్దీ వెనకున్న గోల్ కూడా అలాగే మూసుకుపోతుంది. అయితే ఒక్క అడుగు ఎక్కువైనా బంతి తల మీదుగా పోతుంది. ఎప్పుడు కదలాలో తెలియడమే అసలు విద్య.

గుంపులో బంతి పట్టుకోవడం ప్రమాదమనిపిస్తే పిడికిలితో గుద్ది దూరంగా పంపేవాడు. పట్టుకున్న బంతిని ఆలస్యం చేయకుండా చేత్తో సహచరుడికి విసిరితే, ఎదురుదాడి అక్కడే మొదలయ్యేది. నాలుగో సాధనం గొంతు. డిఫెండర్ కళ్లు బంతి మీద ఉంటాయి, అతని వీపు వెనక ఎవరొస్తున్నారో కీపర్‌కే కనిపిస్తుంది. ఒక్క కేక సమయానికి పడితే, ఆపాల్సిన షాటే పుట్టదు. ఆ పనికి చప్పట్లుండవు, లెక్కల్లోకీ ఎక్కదు. కీపర్ విలువలో సగం అక్కడే ఉంది.

గుర్తుంచుకోవాల్సిన కాపరి మనకూ ఉన్నాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో యాషిన్ స్వర్ణం గెలిచినప్పుడు, నాలుగో స్థానం దక్కించుకున్న భారత జట్టులో హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నాడు. యాషిన్ నిందలు మోసిన 1962లోనే మన జట్టు జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. ఆ ఫైనల్లో గోల్ కాసింది తంగరాజే. మన ఇళ్లలో ఆ పేరు ఇంకా వినిపించాలి.

ఆ నిందల తర్వాత యాషిన్ మళ్లీ గోల్ ముందు నిలబడ్డాడు. 1963లో డైనమో సోవియట్ లీగ్ గెలిచింది. ఆ అక్టోబరులో వెంబ్లీలో ఇంగ్లండ్‌పై ప్రపంచ జట్టు తరఫున మొదటి సగం ఆడి, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ ఏడాది బాలన్ డోర్ పురస్కారం అతనిదే. మరే గోల్‌కీపర్‌కూ ఇంతవరకు అది దక్కలేదు. 1966లో సోవియట్ జట్టు ప్రపంచకప్ సెమీఫైనల్ చేరినప్పుడూ గోల్ ముందు ఉన్నది అతనే.

గోల్ పడ్డాక వలలోంచి బంతిని తీసి ఆటకు అందించేది చాలాసార్లు కీపరే. అరికాలో కొలంబియాపై ఆ పని నాలుగుసార్లు చూసిన మనిషి, పదహారు నెలలకు వెంబ్లీలో తాను ఆడిన సగంలో ఆ అవసరమే రానివ్వలేదు.