గుమ్మం వెలుగులో వజ్రం

తుర్కయంజాల్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగారు. మాఘంలో అమ్మాయి పెళ్లి. ఏడు రాళ్ల దుద్దులు కొనాలి. తల్లి చేతిసంచిలో, జేబురుమాల్లో కట్టిన పాత జత ఒకటి ఉంది. అత్తగారు ఇచ్చినవి. రాళ్లు మసకబారాయి కాబట్టి మార్చేస్తే కొత్తవాటి ఖర్చు కొంత తగ్గుతుందని ఆమె ఆలోచన.

"ఎన్ని క్యారెట్లుంటయి తమ్మీ?" కౌంటర్ ముందు కూర్చోగానే ఆమె అడిగిన మొదటి మాట.

"మొత్తం క్యారెట్ నలభై సెంట్లు మేడమ్. ఈఎఫ్ కలర్, వీవీఎస్ క్లారిటీ."

నల్ల మఖమల్ పళ్లెంలో దుద్దులు ధగధగలాడాయి. నెత్తిమీద వరసగా చిన్న చిన్న స్పాట్‌లైట్లు. ఆ దీపాల కింద సానపట్టిన గాజుముక్క పెట్టినా మనసు లాగేస్తుంది. అందుకే బరువు అడిగేముందు నగను ఆ దీపాల కింద నుంచి తప్పించాలి. చాలామంది అక్కడే కూర్చుని, అక్కడే చూసి, అక్కడే బిల్లు కట్టేస్తారు.

క్యారెట్ అనే మాట మన ఇళ్లలో రెండు పనులు చేస్తుంది. బంగారానికి అది స్వచ్ఛత, వజ్రానికి బరువు. వజ్రపు క్యారెట్ గ్రాములో ఐదో వంతు, అంటే 200 మిల్లీగ్రాములు. 1907లో అంతర్జాతీయంగా ఖరారైన కొలత ఇది. అందులో నూరో వంతు సెంటు. ఇక వజ్రాల నగలకు ఎక్కువగా వాడే బంగారం 18 క్యారెట్లది. నగ మీద 750 అని ముద్ర ఉంటుంది. ఇరవై రెండు కాదా అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు గానీ, సన్నటి రాళ్లను ఏళ్ల తరబడి జారనివ్వకుండా పట్టుకోవాలంటే లోహం కాస్త గట్టిగా ఉండాలి. హాల్‌మార్క్ నగ మీద ఉండే అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అది బంగారానికే పూచీ. రాయి గురించి ఆ నంబరు ఏమీ చెప్పదు.

జతలో 14 రాళ్లు, మొత్తం 1.40 క్యారెట్లు అంటే రాయికి పది సెంట్లు. అలాంటి గుండ్రటి రాయి వెడల్పు 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒంటి రాయే క్యారెట్ తూగితే వెడల్పు 6.5 మిల్లీమీటర్లు, ధర మాత్రం ఎక్కడికో వెళ్లిపోతుంది. పెద్ద ముడిరాయి దొరకడం అరుదు కాబట్టి బరువు పెరిగేకొద్దీ ఒక్కో సెంటు ధర కూడా ఎగబాకుతుంది. "మొత్తం ఎంత" అన్న ప్రశ్న వెనకే "ఒక్కో రాయి ఎంత" అని అడగాలి.

అయినా రాయికి ప్రాణం పోసేది కట్. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు గుండ్రటి వజ్రానికి ఏ కోణాలుంటే పైనుంచి పడ్డ వెలుతురు అడుగు ముఖాలను తాకి తిరిగి పైకే వస్తుందో లెక్కగట్టాడు. నేటి బ్రిలియంట్ కట్ ఆ లెక్కల దారిలోనే నడుస్తోంది. రాయి మరీ లోతుగా ఉంటే వెలుతురు పక్కల నుంచి జారిపోయి నడుమ నల్లబడుతుంది. మరీ పలచగా ఉంటే లోపల బూడిదరంగు వలయం చేపకన్నులా తేలుతుంది. బరువుకే డబ్బిచ్చే బేరం కాబట్టి సానపట్టేవాళ్లకు అడుగున నాలుగు సెంట్లు మిగుల్చుకోవాలనిపిస్తుంది. ఆ నాలుగు సెంట్లకూ డబ్బు కట్టి, మెరుపు పోగొట్టుకునేది కొన్నవాళ్లే.

క్లారిటీ సంగతి తొందరగా తేలిపోతుంది. వీవీఎస్ రాయిలో మచ్చను పది రెట్లు పెద్దగా చూపే లూప్ కింద కూడా కష్టపడి వెతకాలి. దానికంటే తక్కువైన వీఎస్ రాయిలోనూ మామూలు కంటికి ఏమీ కనపడదు. చెవికుండే పది సెంట్ల రాయిని లూప్ పెట్టి చూసే చుట్టం ఎవరూ ఉండరు. ఆ డబ్బు మంచి కట్‌కు పెట్టడమే మేలు.

వెలుతురు మార్చి చూడటం మన నేలకు కొత్తకాదు. 17వ శతాబ్దంలో ఇక్కడి గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ పద్ధతిని రాసిపెట్టాడు. ఐరోపావాళ్లు ముడిరాయిని పగటివెలుగులో చూస్తే, మనవాళ్లు రాత్రిపూట గోడగూట్లో లావువత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ల మధ్య పట్టుకుని చూసేవారట. రాయిలో నీలిఛాయ ఉందేమో తేల్చాలంటే గుబురుచెట్టు కిందికి తీసుకెళితే చాలు, ఆకుపచ్చ నీడలో బయటపడిపోతుందనీ రాశాడు. కృష్ణ ఒడ్డున అతను చూసిన కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. చెట్టునీడ మాత్రం ఇప్పటికీ పైసా ఖర్చులేని పరీక్షే.

మన పాత దుద్దులది క్లోజ్డ్ సెట్టింగ్. రాయి వెనక బంగారం మూసి ఉండటంతో పసుపుఛాయ రాయిలోకి దిగుతుంది. అందులో మేలైన ఈఎఫ్ రంగు పెట్టించినా ఆ తెలుపు తేలదు. దానికి కాస్త దిగువనుండే జీ, హెచ్ రంగులు చక్కగా సరిపోతాయి.

ల్యాబ్‌లో పెంచిన రాళ్లూ ఇప్పుడు అదే పళ్లెంలోకి వస్తున్నాయి. అవీ వజ్రాలే, అదే కర్బనం, అదే గట్టితనం. అందుకే కౌంటర్ మీద పెన్నులాంటి టెస్టర్ రెంటికీ ఒకేలా కూస్తుంది. ధర మాత్రం చాలా తక్కువ, తిరిగి అమ్మితే వచ్చేదీ తక్కువే. తెలిసి కొనుక్కుంటే అందులో తప్పేమీ లేదు. ఏ రకమో బిల్లు మీద రాయించుకోవాలి, అంతే.

అమ్మాయి పళ్లెం పట్టుకుని లేచింది. సేల్స్ కుర్రాడు వెంట నడిచాడు. గుమ్మం దగ్గర, మధ్యాహ్నపు వెలుతురులో ఎండ నేరుగా పడకుండా చేయి అడ్డుపెట్టి చూసింది. క్యారెట్ నలభై జతలో మూడు రాళ్ల నడుమ మసక. రాయికి ఎనిమిది సెంట్లున్న ఇంకో జత తెప్పించింది. అరచెయ్యి కదిలినప్పుడల్లా పద్నాలుగు రాళ్లూ వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

"గివి చిన్నగున్నయి గద బిడ్డా."

"మంచిగ మెరుస్తున్నయి సూడు అమ్మా."

ఈలోగా లోపల ఇంకో కుర్రాడు పాత జతను సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగాడు. వజ్రానికి జిడ్డంటే మహా ప్రీతి. ఒకప్పుడు గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా కంకరను నీళ్లతో పారించి, అతుక్కున్న వజ్రాలను ఏరేవారు. ఏళ్లనాటి తలనూనె వదిలాక పాత రాళ్లలో తెలుపు తేలింది. తల్లి వాటిని గుమ్మం దాకా తీసుకెళ్లి, కొత్తవాటి పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

చిన్న జతకే బిల్లు వేయించారు. పాతవి మార్చలేదు. రుమాలు మడిచి సంచిలో పెట్టుకుని, ఆమె అక్కడే అద్దం ముందు నిలబడి వాటిని చెవులకు పెట్టుకుంది.