పద్నాలుగో నంబరు మిల్లు

కోయంబత్తూరులో ఉంటున్న మేనల్లుడు ఈ వారం ఈ కాలమిస్టుకు ఒక దరఖాస్తు ఫారం పంపాడు. వాడి ఉద్యోగం మూల్యాంకనం. ప్రభుత్వాలూ దాతలూ డబ్బు పోసి నడిపే పథకాలు నిజంగా పనిచేశాయా లేదా అని ఊళ్లు తిరిగి, ఇళ్లు తట్టి తేల్చే పని. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఏటా పురస్కారం ఇచ్చే సంస్థ ఒకటి (పేరెందుకు) అర్హుల నుంచి దరఖాస్తులు పిలిచింది. "మామయ్యా, ఒకసారి చూసి సరిదిద్దు" అని వాడు కోరాడు. సరిదిద్దడానికి కూర్చున్న మనిషి సగంలోనే కలం పక్కన పెట్టేశాడు. ఎవరి పథకాన్ని పరీక్షించారో ఆ సంస్థ నుంచే ఒక ప్రశంసాపత్రం తెచ్చి జతచేయాలట.

పరీక్ష పేపరు దిద్దిన పంతులు, ఫెయిలైన కుర్రాడి తండ్రి దగ్గరికి వెళ్లి కాండక్టు సర్టిఫికెట్టు తెచ్చుకోవాలన్నట్టుంది.

శాలువాల మీద ఈ శీర్షికకున్న పాత కక్ష పాఠకులకు తెలియంది కాదు. మదురైలో ఏ తెలుగు సభకు వెళ్లినా వేదిక మీద కూర్చున్నవాళ్ల కంటే మడతపెట్టి ఉంచిన శాలువాలే ఎక్కువ. ఒకసారి ఆ మాట రాసినందుకు వచ్చిన ఉత్తరాలు ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి. ఎంత తిట్టినా ఇది నాయక రాజులు ఏలిన ఊరు, సన్మానం మన ఒంట్లోనే ఉంది. గౌడ డిండిమభట్టును ఓడించి, అతగాడి కంచుఢక్క పగలగొట్టించి, శ్రీనాథుడు కనకాభిషేకం చేయించుకున్న కథ మన పిల్లలకు ఉగ్గుపాలతో పోస్తాం. ఆ సభలో కూర్చుని ఇద్దరి వాదమూ విని తీర్పు చెప్పిన పెద్దల పేర్లు ఎందరు చెప్పగలరు? బంగారం ఎప్పుడూ పోటీ పడినవాడి నెత్తినే కురుస్తుంది.

పడమటి దేశాలవాళ్లు ఈ లోటు ఎప్పుడో గుర్తించారు. అమెరికాలో రెండు పాత సంఘాలు కలిసి 1986లో అమెరికన్ ఎవాల్యుయేషన్ అసోసియేషన్ ఏర్పడింది. ఆ సంఘం సిద్ధాంతానికి పాల్ లాజర్స్‌ఫెల్డ్ పేరున, ఆచరణకు ఆల్వా, గున్నార్ మిర్డాల్ దంపతుల పేరున అవార్డులిస్తుంది. ఈ మిర్డాల్ దంపతులు మనకు పరాయివాళ్లేమీ కారు. ఆల్వా 1950ల రెండో సగంలో ఢిల్లీలో స్వీడన్ రాయబారి. గున్నార్ మన దేశాన్నీ పొరుగు దేశాలనూ పట్టి చూసి 'ఏషియన్ డ్రామా' రాశాడు. 2015నైతే ప్రపంచమంతటా మూల్యాంకన సంవత్సరంగా జరుపుకున్నారు. ఒక జ్యోతి వెలిగించి దేశం నుంచి దేశానికి చేతులు మార్చి, ఏడాది చివర ఖాట్మండూ చేర్చారు. లెక్కలు సరిచూసేవాళ్లు కాగడా పట్టుకుని ఊరేగడం ఏమిటని అప్పట్లో ఈ కాలమిస్టు నవ్వాడు. ఇప్పుడూ నవ్వుతున్నాడు.

మన దగ్గర ఈ పని అంతకంటే పాతది. శాలువాలే లేవు. సామాజికాభివృద్ధి పథకం 1952 అక్టోబరులో మొదలైతే, అది ఎలా నడుస్తోందో చూడడానికి ప్రణాళికా సంఘం అదే నెలలో ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ పెట్టింది. డి.జి. కార్వే దాని మొదటి డైరెక్టరు. ఆ తొలి నివేదికల్లో మెచ్చుకోళ్ల కంటే మొట్టికాయలే ఎక్కువ. తమిళనాడు ప్రభుత్వానికి మూల్యాంకనం, అనువర్తిత పరిశోధన కోసం విడిగా ఒక శాఖే ఉందన్న సంగతి మదురై కలెక్టరాఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. ఢిల్లీలో అజయ్ ఛిబ్బర్ డైరెక్టర్ జనరల్‌గా ఒక స్వతంత్ర మూల్యాంకన కార్యాలయం కూడా పుట్టింది. 2014లో అది ప్రణాళికా సంఘాన్నే ఎత్తేయమని సిఫార్సు చేసింది. కొద్ది నెలల్లో ఆ కార్యాలయాన్నే మూసేశారు, ఆ తర్వాత ప్రణాళికా సంఘమూ పోయింది. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గినట్టో పాఠకులే తేల్చుకోవాలి.

ఇక్కడిదాకా వచ్చేసరికి పురస్కారాలన్నీ దండగ, మేనల్లుడి ఫారం చింపి పారేయడమే మేలు అని రాయబోయాడు ఈ కాలమిస్టు. అంతలో పెదనాయన గుర్తొచ్చాడు.

పెదనాయన సింగానల్లూరు వైపు ఒక మిల్లులో స్పిన్నింగ్ మాస్టరు. కోయంబత్తూరు మిల్లుల చరిత్ర తెలిసిందే. 1888లో స్టేన్స్ దొర మొదటి మిల్లు, 1910లో కుప్పుస్వామి నాయుడి లక్ష్మీ మిల్స్, 1930ల్లో పైకారా జలవిద్యుత్తు వచ్చాక ఇక ఎటు చూసినా మిల్లుల పొగగొట్టాలు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్లయ్యాక మిల్లులవాళ్లే చేతులు కలిపి 1956లో సిట్రా పెట్టుకున్నారు. పూర్తి పేరు సౌత్ ఇండియా టెక్స్‌టైల్ రీసెర్చ్ అసోసియేషన్. అది చేసే పనుల్లో ఒకటి మిల్లులను పక్కపక్కన పెట్టి పోల్చి చూడడం. నూరు కిలోల నూలు తీయడానికి ఎన్ని కార్మిక గంటలు పడుతున్నాయి? ఒక్కో మిల్లు ఒక్కో నంబరు నూలు తీస్తుంది గనక అన్నిటినీ నలభయ్యో నంబరు నూలు లెక్కలోకి మార్చి, ఒకే వరసలో నిలబెడతారు.

ఆ పోలికల నివేదికలో మిల్లుల పేర్లుండవు, కోడు నంబర్లే ఉంటాయి. తన నంబరు ఏదో తనకే తెలుస్తుంది, పక్కవాడిది తెలియదు.

అది వచ్చిన రోజు ఇంట్లో పండగో దినమో ముందే చెప్పడం కష్టం. పెదనాయన అరుగు మీద కూర్చుని కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పెన్సిలు పట్టుకుని, ఏ నంబరు ఎవరిదో ఊహించే ఆట మొదలుపెట్టేవాడు. ఫలానాది పీళమేడు మిల్లయి ఉంటుంది, ఇంత బాగా నడిపేది వాళ్లే. ఫలానాది మన వియ్యంకుడిది, ఆ మిక్సింగుకు అంతకంటే రాదు. ఆ రోజుల్లో మిల్లులవాళ్లలో సగంమంది ఏదో ఒక వరసన చుట్టాలేనని ఆయనే అనేవాడు. అందుకే ఆ అంకెల మీద పడ్డంత ధ్యాస పంచాంగం మీద కూడా పడేది కాదు. పెద్దమ్మ కాఫీ లోటా పెట్టి, "ఏమప్పా, ఈసారి మన నంబరు ఎక్కడుంది?" అనేది. జవాబు రాకపోతే ఆవిడ రెండోసారి అడిగేది కాదు.

ఒక ఏడు వాళ్ల మిల్లు, అంటే పద్నాలుగో నంబరు, పట్టిక అడుగుకు జారిపోయింది. యజమాని ముందు నివేదికనే తిట్టాడు. తర్వాత పత్తిని తిట్టాడు, ఆపైన కార్మికులను. చివరికి పెదనాయనను పిలిచి లెక్క చెప్పమన్నాడు. పెదనాయన రింగ్ ఫ్రేముల మధ్య గంటలకొద్దీ నిలబడి దారాలు ఎక్కడెక్కడ తెగుతున్నాయో రాసుకున్నాడు. మనుషులు సోమరిపోతులు కారు, తెగిన దారాలు అతకడానికి తిరగడంలోనే వాళ్ల రోజు గడిచిపోతోంది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో షెడ్డులో తేమ పడిపోతోంది, దారం తెగుతోంది. తేమ పట్టి ఉంచే ఏర్పాటు పాడై ఎన్నాళ్లయిందో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. దాన్ని బాగుచేయించారు. మరుసటి నివేదికలో పద్నాలుగో నంబరు అగ్రస్థానానికేం ఎక్కలేదు, మధ్యకు వచ్చి నిలబడింది. ఆ రోజు పెద్దమ్మ పాయసం చేసింది.

ఆ మొదటి స్థానంలో ఉన్న మిల్లుకు దండ వేసినవాళ్లు లేరు. పేరే అచ్చుకాని మిల్లుకు దండ ఎక్కడ వేస్తారు? ఈ రోజుల్లో అయితే కోడు నంబరుతోనే ఫ్లెక్సీ కట్టించేవాళ్లేమో. పేరు బయటపడదన్న ధీమా ఉన్నందుకే మిల్లులు నిజం అంకెలు ఇచ్చేవి. నిజం అంకెలు వచ్చినందుకే పాడైన తేమయంత్రం బయటపడింది. సిట్రా మనుషులకు పెదనాయన ఏనాడూ శాలువా కప్పలేదు. వాళ్లలో ఎవరైనా మిల్లుకొస్తే మాత్రం క్యాంటీను నుంచి కాకుండా ఇంటి నుంచి కాఫీ తెప్పించేవాడు.

మదురైకి వద్దాం. అరవింద్ కంటి ఆసుపత్రి గురించి ఈ ఊళ్లో కొత్తగా చెప్పేదేముంది? ఎట్టయపురం దగ్గర వడమలాపురంలో, తెలుగిళ్లు ఒత్తుగా ఉండే ఆ నల్లరేగడి సీమలో, కి. రాజనారాయణన్ నవల 'గోపల్ల గ్రామం'కు ఆనుకుని ఉన్న లోకంలో 1918లో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరై, 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. పల్లెపల్లెనా కంటి శిబిరాలు పెట్టారు. శిబిరానికి జనం వరసలు కట్టడం, బస్సుల్లో మదురైకి రావడం, చూపుతో తిరిగి వెళ్లడం కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లలో ఎవరిని అడిగినా 'గ్రాండ్ సక్సెస్' అనే అనేవాళ్లు.

అయితే శిబిరం రిజిస్టరులో వచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి. రానివాళ్ల పేర్లు కావాలంటే ఊళ్లోకి వెళ్లి ఇంటింటా వెతకాలి. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ నుంచి ఆస్ట్రిడ్ ఫ్లెచర్ బృందమూ, అరవింద్ వాళ్లూ కలిసి మదురై చుట్టుపక్కల పల్లెల్లో సరిగ్గా ఆ పనే చేశారు. తేలిందేమిటంటే కంటి జబ్బున్నవాళ్లలో శిబిరానికి వచ్చినవాళ్లు వందకు ఏడుగురు కూడా లేరు. రానివాళ్లలో కొందరికి భయం, కొందరికి ఖర్చు. ఇంట్లో పసిపిల్లను చూసుకునేవాళ్లు లేరని కొందరు, ఈ వయసులో చూపెందుకని కొందరు. 1999లో అమెరికా వైద్య పత్రిక 'ఆర్కైవ్స్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ'లో ఇది అచ్చయింది. రచయితల్లో అరవింద్ శిక్షణ సంస్థ లైకోను నడిపిన ఆర్.డి. తులసిరాజ్ ఒకరు. తమ పేరు మోసిన శిబిరాలు వందలో తొంభైమూడు మందిని చేరలేదన్న మాట కింద వాళ్లే సంతకం పెట్టారన్నమాట.

అంతకు ముందు 1991లో అచ్చయిన అధ్యయనమొకటి, ఉచిత ఆపరేషన్ ఒక్కటే చాలదని, దారిఖర్చులూ భోజనమూ కూడా భరిస్తే ఒప్పుకునేవాళ్లు పెరుగుతారని చూపింది. దాని రచయితల్లోనూ తులసిరాజ్ ఉన్నారు. ఇంతకూ ఆ ఏడు శాతం మాట తర్వాత ఏమైంది? జనం శిబిరం రోజు కోసం కాచుకోనక్కర్లేకుండా, ఏడాది పొడవునా తెరిచి ఉండే చిన్న కంటి కేంద్రాలు 2004 నుంచి పల్లెల దగ్గర మొదలయ్యాయి. శిక్షణ పొందిన సిబ్బంది అక్కడే కళ్లు పరీక్షిస్తారు, డాక్టరు ఆసుపత్రి నుంచే తెర మీద రోగితో మాట్లాడతాడు. ఇప్పుడవి వందకు పైగా ఉన్నాయి. పది లక్షల డాలర్ల గేట్స్ అవార్డు 2008లో వచ్చింది, పదిహేను లక్షల డాలర్ల హిల్టన్ బహుమతి 2010లో. అప్పటికి వెంకటస్వామి లేరు, 2006లోనే పోయారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి ధైర్యం కొంత కనిపించింది. కార్తీక్ మురళీధరన్, సహ పరిశోధకులు అక్కడి ప్రభుత్వ బడులను లాటరీ తీసి ఎంచి, కొన్నిటికి అదనపు నిధి ఇచ్చి చూశారు. మొదటి ఏడు పిల్లలకు మార్కులు పెరిగాయి. నిధి వస్తుందని ముందే తెలిసిన రెండో ఏడు తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు, లాభం కరిగిపోయింది. ఉపాధి హామీ కూలీ స్మార్ట్‌కార్డుల ద్వారా ఇచ్చే పద్ధతినైతే మండలాలను లాటరీ తీసి మరీ పరీక్షించారు. అది నెగ్గింది, కూలీ త్వరగా అందింది, దారిలో కారిపోయేది తగ్గింది. నెగ్గుతుందో ఓడుతుందో తెలియకముందే తలుపు తెరవడానికి ఏ ప్రభుత్వానికైనా గుండె కావాలి. ఆ గుండె ఏ వేదిక మీదా సన్మానం అందుకోలేదు.

ఇప్పుడు ఈ కాలమిస్టు తన మొదటి కోపం మీద తానే అనుమానపడుతున్నాడు. ఆ ఫారంలో అడిగిన ప్రశంసాపత్రం అడగవలసిందే. కాకపోతే అందులో పొగడ్తలుండకూడదు. 'మీ నివేదిక వచ్చాక ఫలానా పని ఆపేశాం, ఫలానాది మొదలుపెట్టాం, మాకు చాలా కష్టమైంది' అని ఉండాలి. అలాంటి ఉత్తరం రాయగలిగిన సంస్థ కూడా ఆ పురస్కారంలో సగానికి అర్హమైనదే. మేనల్లుడికి అదే చెప్పి పంపాడు. వాడి దగ్గర అలాంటి ఉత్తరం ఒక్కటీ లేదట. వచ్చే ఏడు చూద్దామన్నాడు, దరఖాస్తు పెట్టలేదు.

మదురై, కోయంబత్తూరు తెలుగు సంఘాలకు ఒక విన్నపం. తమిళనాట పుట్టిన మన పిల్లలకు మీలో చాలామంది వేసవిలో తెలుగు తరగతులు నడుపుతున్నారు. ముగింపు సభలో ఎందరు చేరారో చదువుతున్నారు. ఆరు నెలలు పోయాక ఒక్కసారి ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి, పక్క ఊరి సంఘం వాళ్లను తోడు తీసుకుని, తెలుగు వాచకంలో ఒక పేజీ చదివించండి. ఎందరు చదివారు, ఎందరు చదవలేకపోయారు, అసలు ఎందరు మధ్యలోనే మానేశారు, ఆ లెక్క ఈ శీర్షికకు పంపండి. సంఘం పేరు వేయం. కోడు నంబరుతోనే అచ్చువేస్తాం.