జపాన్ కత్తి, కూకట్‌పల్లి చింతపండు

ప్రాజెక్టు పనిమీద టోక్యో వెళ్లొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సూట్‌కేసుల్లో జపాన్ వంటకత్తి కూడా కూకట్‌పల్లికి దిగుతోంది. వారం తిరక్కుండానే ఇంట్లో ఫిర్యాదు మొదలవుతుంది: ‘ఇంత డబ్బు పోసి తెస్తే నల్లబడిందేంటి?’ చింతపండో, నిమ్మకాయో, పుల్ల మామిడో తగిలి ఉంటుంది. అద్దంలాంటి అలుగు మీద నీలం, బూడిదరంగు మరకలు తేలతాయి.

జపాన్‌లోని సకాయ్ ఊరి కమ్మరులు ఇష్టపడే శిరోగామి, అవోగామి ఉక్కుల్లో కర్బనం ఒక శాతానికి కాస్త పైనే ఉంటుంది. తుప్పును ఆపేంత క్రోమియం ఉండదు. సన్నటి పదును ఎక్కేదీ, పులుపు తగిలితే రంగు మారేదీ ఆ ఉక్కు స్వభావం వల్లే. ఆ నల్లపొర ఉన్నచోట తుప్పు త్వరగా పట్టదు కాబట్టి దాన్ని తోమెయ్యకూడదు. స్టీలు కంచాలకు అలవాటుపడ్డ మనకు తళతళలాడితేనే శుభ్రం, చిక్కంతా అక్కడే.

ఎర్రతుప్పు సంగతి వేరు. తడిపిన తెల్లగుడ్డతో తుడిస్తే నారింజరంగు అంటుకుంటుంది, నల్లపొర అలా అంటుకోదు. తుప్పు కనిపిస్తే వంటసోడాను ముద్దగా కలిపి, సీసా బిరడాతో వెన్ను నుంచి అంచు వైపు మెల్లగా రుద్దాలి. అంచుకు ఎదురు రుద్దితే వేలు తెగుతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు వాడితే తుప్పుతోపాటు కొత్త గీతలూ మిగులుతాయి.

తుప్పు తిన్నచోట చిన్న గుంటలు పడతాయి. అవి అలుగు మధ్యలో ఉంటే వదిలెయ్యడమే తెలివి. వాటికోసం అరగదీస్తే కత్తే పలచబడుతుంది. అంచు దగ్గర ఉంటే మాత్రం నూరేకొద్దీ అంచు ఆ గుంటను చేరి పెచ్చులా విరుగుతుంది. అప్పుడు 400 నంబరు గరుకురాయి మీద గుంట దాటేదాకా నూరి, 1000 మీద, ఆపైన 3000 మీద నునుపు చెయ్యాలి.

వెడల్పు వాలు ఉన్న కత్తుల్లో ఇంకో తంటా ఉంది. ఎంత నూరినా ఒకచోట రాయి తగలదు. సుత్తి దెబ్బకో, పాత నూరుడుకో అక్కడ చిన్న పల్లం మిగిలి ఉంటుంది. వాలంతా మార్కరు పూసి రెండు మూడుసార్లు రాయి మీద లాగితే, సిరా చెరగనిచోటే పల్లం. దాన్ని ఒక్కరోజులో తీసెయ్యాలని కూర్చోనక్కర్లేదు, నూరినప్పుడల్లా కొంచెం తగ్గుతుంది. అంతకుముందు రాయి సంగతి చూడాలి. దాని మీద పెన్సిలుతో గళ్లు గీసి, గాజుపలక మీద పరిచిన తడి ఉప్పుకాగితంపై రుద్దితే, గీతలు మిగిలినచోట రాయే గుంటపడిందని తెలుస్తుంది.

కాలనీలోకి సైకిలు మీద సానచక్రంతో వచ్చే మనిషికి ఈ కత్తి ఇవ్వొచ్చా? కత్తిపీటకీ, కత్తెరకీ ఆయన పనితనం చాలు. పొడి చక్రం వేడికి మాత్రం ఈ సన్నటి అంచు నీలంగా మారి మెత్తబడుతుంది. మళ్లీ ఎంత నూరినా ఆ మెత్తబడ్డ మేర అరిగిపోయేదాకా పదును నిలవదు.

ఉక్కు పైముఖాన్ని చదవడం తెలంగాణకు కొత్త విద్య కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టిమూసల్లో ఉక్కు వండిన తీరును భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ వివరంగా రాశాడు. ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. అలాంటి మూస ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలను ఆమ్లగుణమున్న ద్రావణం పూసి మరీ పైకి తేల్చేవారు. ఆ అలలు ఉక్కులోని కార్బైడ్ వరుసలు. కొనేవాడు ముందు వాటినే చూసేవాడు. అప్పుడు విలువ పెంచిన పులుపే ఇప్పుడు మరక అయింది!

ఆవకాయ రోజుల్లో జపాన్ కత్తిని గూట్లోనే ఉంచండి. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దాటిన అంచు టెంకె మీద పెచ్చులు లేస్తుంది. ఆ పనికి రైతుబజారులో ముక్కలు కొట్టే మోటుకత్తే సరైనది. గిన్నెలతోపాటు కత్తినీ సింకులో నానబెట్టే ఇల్లయితే వీజీ-10 లాంటి స్టెయిన్‌లెస్ రకం కొనుక్కోవడం నయం. కార్బన్ ఉక్కుదే కావాలంటే, కోసిన వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవండి, డిష్‌వాషర్‌లో మాత్రం వెయ్యకండి.