అక్షింతల పురుగు వచ్చేదాకా

వంగ చిగురు వాలిపోయిందంటే నీళ్ళు చాలలేదనుకుని చెంబు పట్టుకొచ్చేవాళ్ళే ఎక్కువ. పొద్దున్నే, నేల ఇంకా తడిగా ఉండగా, మొక్కంతా నిటారుగా నిలబడి ఒక్క కొమ్మ కొస మాత్రం తల వేలాడేసిందంటే అది దాహం కాదు. వాడిన చోటికి బెత్తెడు కిందకి తుంచి, గోటితో నిలువునా చీల్చి చూడండి. ముందు పొడిపొడిగా రెట్ట, దాని వెనక లేత గులాబీ రంగు పురుగు. ఈవేళ కొమ్మని తొలిచిందే రేపు కాయలో దూరుతుంది. లోపల కూర్చున్నదాని మీద పైనుంచి ఏం కొట్టి ఏం లాభం? వేపనూనె అయినా అంతే, కొట్లో అమ్మే సీసా అయినా అంతే. తుంచిన కొసల్ని సబ్బునీళ్ళ డబ్బాలో వేసెయ్యడమే. పక్క కణుపులోంచి కొత్త కొమ్మ ఎలాగూ వస్తుంది.

ఇంత చిన్న పని చెబితే మా శృంగవరపుకోటలో జనానికి ఆనదు. కషాయం ఏదైనా చెప్పమంటారు. అనంతగిరి కొండల కింద ఊరు కదా, ఆకులకి కొదవ లేదు. వేప, కానుగ, జిల్లేడు, ఉమ్మెత్త ఎక్కడపడితే అక్కడే. పేర్లూ సిద్ధంగా ఉన్నాయి: నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నిఅస్త్రం. సుభాష్ పాలేకర్ పద్ధతిలోంచి వచ్చిన ఈ పేర్లని రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం పేరుతో ఊరూరికీ చేర్చింది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది, నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ ఈజిప్టు సంస్థ సెకెమ్‌తోనూ కలిపి. గర్వపడాల్సిందే. నా పేచీ అస్త్రాలతో కాదు, వాటిని ఆదివారం ఆదివారం, పురుగు ఉన్నా లేకపోయినా, తలంటు పోసినట్టు పోసేవాళ్ళతో. డబ్బాలో సరుకు మారింది, చేతి అలవాటు మారలేదు.

అగ్నిఅస్త్రంలో పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు పడుతుంది. పొగాకులో ఉన్న నికోటిన్ మంచి పురుగనీ చెడ్డ పురుగనీ చూడదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి రసాయనాలు పురుగు నరాల్లో దెబ్బకొట్టేది కూడా నికోటిన్ కొట్టే చోటే. సీతాఫలం గింజల సంగతీ అంతే. పేలు పోతాయని ఆ పొడి తలకి పట్టించుకుని కళ్ళమీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. చెట్టునుంచి వచ్చింది కాబట్టి చల్లనిది అనుకోవడం పొరపాటు.

వేపగింజ దారి వేరు. 1962లో మిడతల దండు వచ్చినప్పుడు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్, జోత్వానీ, రాయ్ వేపపప్పు పిండి నీళ్ళలో కలిపి పంట మీద కొట్టి చూశారు. మిడతలు వాలాయి గానీ ఆకు ముట్టలేదు. వేపలో ఉన్న అజాడిరక్టిన్ తిండి సహించకుండా చేస్తుంది, పిల్లపురుగుని కుబుసం సరిగా విడవనివ్వదు. అందుకే కొట్టిన మర్నాడు చచ్చిన పురుగుల కోసం వెతికేవాళ్ళు నిరాశపడతారు. వేసవి చివర రాలిన పళ్ళు ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడన ఎండబెట్టుకోవాలి. లీటరు నీళ్ళకి 50 గ్రాముల పప్పు పొడి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానేసి, పిండి, వడకట్టి, ఆకుకి పట్టడానికి కాస్త సబ్బునీళ్ళు కలిపితే చాలు. ఎండకి దాని శక్తి పోతుంది కనక సాయంత్రమే కొట్టాలి. మిగిలింది దాచుకోకూడదు.

అసలు పరీక్ష చలికాలంలో, చిక్కుడు పాదు దగ్గర. పూత కాడల నిండా నల్లగా పేనుబంక. మగదానితో పనిలేకుండా పిల్లల్ని కనే జాతి, వారం తిరిగేసరికి ఆ పిల్లలూ కంటాయి. చేతికి చీపురు వచ్చేస్తుంది, మందు గుర్తొస్తుంది. అప్పుడు వంగి చూడాలి. చీమలు బారుకట్టి ఎక్కుతుంటే ముందు వాటి దారి కట్టాలి, కాండానికి ఆముదంలో ముంచిన గుడ్డ చుట్టి. బంక విసర్జించే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. తర్వాత గుంపులో ఉబ్బి, గోధుమరంగు తిరిగి, కదలకుండా ఉన్నవాటిని వెతకాలి. వాటి లోపల కందిరీగ జాతి చిన్న పురుగు పిల్ల పెరుగుతోంది. వీపున గుండ్రటి కన్నం కనిపించిందా, అది బయటికొచ్చేసినట్టే. ఇంకోపక్క నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో, ఒళ్ళంతా ముళ్ళతో పాకుతూ ఒకటి. దాన్ని చూడగానే నలిపేస్తారు. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దదయ్యేలోపు వందలకొద్దీ బంకని తినేస్తుంది. తిండి లేకుండా అదొచ్చి ఏం చేస్తుంది? అందుకే పాదు మీద ఓ మూల బంకని వదిలి, మిగతా కాడల్ని నీళ్ళ ధారతో కడుగుతాను.

“ఏటి బాబూ, పొద్దున్నుంచీ ఆ పాదుకేసే సూత్తన్నావు? పొయ్యిలో బూడిద లేదా ఏటి?” అని పక్కింటి మామ్మ గోడవతల నుంచి అడుగుతూంటుంది. గుమ్మడి, దోస రెండాకుల మీద ఉన్నప్పుడు మంచుతడి ఆరకముందే జల్లించిన బూడిద చల్లితే ఎర్ర పెంకుపురుగు దగ్గరికి రాదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాటకి తిరుగులేదు. పేనుబంక విషయంలో మాత్రం మా ఇద్దరికీ పొత్తు కుదరలేదు.

ఆగి చూడటం పెరటి ముచ్చటే అనుకోకండి. 2016లో పొల్లాచ్చి దగ్గర కొబ్బరి మీద కనబడిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత మన కోస్తాకీ పాకింది. ఆకు అడుగున తెల్లటి మైనం సుడులు, కింద ఉన్న అరటి, జామ ఆకుల నిండా నల్లటి మసి. అప్పుడు శాస్త్రవేత్తలు చెప్పిన మొదటి మాట రసాయనాలు కొట్టొద్దని. ఎన్కార్సియా గ్వాడెలూపె అనే చిట్టి కందిరీగ అప్పటికే ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెడుతోంది. మందు కొడితే ముందు పోయేది అదే. అది ఉన్న ఆకుముక్కల్ని లేని తోటకి తీసుకెళ్ళి కట్టమన్నారు. మసికి గంజి కొట్టమన్నారు. ఆరి పెచ్చులుగా ఊడుతుంది.

గట్టున ఆముదం మొక్కొకటి వేసుకుంటే పొగాకు లద్దెపురుగు గుడ్లకి దాన్నే వెతుక్కుంటుంది. గుంపుగా గీకి జల్లెడలా చేసిన ఆకుని పిల్లలతో సహా తీసేస్తే ఒక దండు పోయినట్టే.

నాకు ఇంకా లొంగనిది పండు ఈగ. బీర, కాకర పిందెల్లో గుడ్లు పెడుతుంది, కాయ వంకరపోయి కుళ్ళుతుంది. పిందె పడగానే కాగితం సంచి తొడిగితే ఆ కాయ దక్కుతుంది. కుళ్ళిన కాయల్ని పారెయ్యకుండా ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఎండలో పడెయ్యాలి, లోపల పురుగులు మాడిపోతాయి. లేకపోతే అవి మట్టిలోకి దిగి ఈగలై లేస్తాయి. ఈ పని వీధంతా చెయ్యాలి. మామ్మేమో కుళ్ళిన బీరకాయల్ని ఇప్పటికీ గోడపక్క గత్తం మీదే పారేస్తుంది. ఆ మాట ఎత్తడానికి ఆవిడ మనసు బాగున్న రోజు కోసం చూస్తున్నాను.