యాప్ ఎవరి పేరు మీద ఉంది?

యాప్ తయారీని బయటి టీముకు అప్పగించాలనుకునే వ్యాపారులు ఎవరు కలిసినా మొదట ఖర్చు గురించే అడుగుతారు. ప్లే స్టోర్ ఖాతా ఎవరి పేరు మీద తెరుస్తున్నారని నేను అడుగుతాను.

డెవలపర్ ఖాతాకు గూగుల్ ఒక్కసారి 25 డాలర్లు తీసుకుంటుంది, ఆపిల్ ఏటా 99. ఆ ఖర్చు, ఫారాల విసుగు తప్పించుకోవడానికి ‘మీ ఖాతాలోనే పెట్టేయండి’ అనేవాళ్లు ఎక్కువ. రేపు మాటా మాటా పెరిగి ఆ టీము యాప్‌ను బదిలీ చేయకపోతే, మళ్లీ కొత్త యాప్‌గా పెట్టుకోవాల్సిందే. వచ్చిన డౌన్‌లోడ్లు, రేటింగులు వాళ్ల ఖాతాలోనే ఉండిపోతాయి.

కోడ్ సంగతి ఇంకా చిక్కు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కింద లెక్కిస్తుంది. మన ఉద్యోగి తన పనిలో భాగంగా రాస్తే హక్కు మనది. బయటి టీము రాస్తే, డబ్బు మనమే ఇచ్చినా, హక్కు సాధారణంగా రాసినవాళ్లదే. దాన్ని మనకు బదిలీ చేస్తూ సంతకంతో కాగితం ఉండాలి. 19వ సెక్షన్ ప్రకారం ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉన్న మనవాళ్లకూ యాప్ అమ్మాలనుకునేవారికి ఈ రెండో షరతు మరీ ముఖ్యం.

ఇవన్నీ మొదటి రోజే తేల్చుకుంటే తర్వాత టీముతో మనసు విప్పి మాట్లాడొచ్చు. నాకు ఇష్టమైన భాగం అదే. వారం వారం తయారైనంత మేరకు యాప్‌ను మన ఫోన్లో వేసుకుని చూడాలి, అదీ చవక ఫోన్లో. తెలుగు చదవలేని డెవలపర్ కంటికి బటన్ల మీద ఒత్తులు కింద తెగిపోయినట్టు కనిపించదు. ‘అయిపోతుంది సార్’ అన్న మాట కన్నా స్క్రీన్ మీద కనిపించేదే నాకు లెక్క.

ఇంకో పని కూడా పట్టుబట్టి చేయిస్తాను. కోడ్ రాసేవాళ్లను ఒక పూట కొట్లో కూర్చోబెట్టమంటాను. మందుల షాపుకు యాప్ అయితే, ‘నాలుగు మాత్రలు చాలు’ అని అడిగినవాళ్లకు స్ట్రిప్ కత్తిరించి ఇవ్వడం వాళ్లు కళ్లారా చూస్తారు. యజమానికి అది రోజూ చేసే పని కాబట్టి చెప్పాలనే తోచదు. చూడని డెవలపర్ స్టాకును స్ట్రిప్పుల లెక్కన రాసేస్తాడు. మొదటి వారంలో తెలిస్తే అది చిన్న మార్పు. బిల్లింగ్ పూర్తయ్యాక తెలిస్తే స్టాకు, ధర, రిటర్నులు అన్నీ తిరగరాయాలి.