బిల్లు పుస్తకంలోని పనితనం

ఒక్కసారి రాస్తే మూడు ప్రతులు వచ్చే బిల్లు పుస్తకంలో, పై కాగితం అడుగున రంగులేని అద్దకపు ద్రవం నిండిన, కంటికి ఆనని సూక్ష్మగుళికల పూత ఉంటుంది. పెన్ను ఒత్తిడికి అవి చిట్లి, కింది కాగితంపై పూసిన ప్రత్యేకమైన మట్టిని తాకగానే ఆ ద్రవం రంగు తేలి అక్షరమవుతుంది. 1950ల్లో అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థ తెచ్చిన ఈ పద్ధతి కార్బన్ కాగితపు మసిని వేళ్లకు తప్పించింది, అదే పెద్ద ఉపకారం. పూత మిల్లు పనే అయినా, లక్సెట్టిపేట వంటి పట్టణాల్లో విత్తనాల దుకాణాలకు కావలసిన పుస్తకాలను తయారుచేసే ప్రెస్సు పనివారి నేర్పు తక్కువది కాదు: రెండు ముఖాలా పూత ఉన్న గులాబీ కాగితాన్ని తెలుపు, పసుపు కాగితాల నడుమ తిరగబడకుండా పేర్చి, మూడింటికీ ఒకే నంబరు కొట్టి, చింపే చోట చిల్లుల గీత వేయాలి. రాసేవారు ఆ మూడింటి కింద అట్టముక్క పెట్టకపోతే, తరువాతి బిల్లు మీదా రాత పడుతుంది.